ఎక్స్ ఉన్న ఇంటిపేరు

మా వదిన ఎవరిని చూసినా ముందు అడిగేది ఇంటిపేరు. బాగున్నారా, ఏ ఊరు, ఏం చేస్తుంటారు, ఇవన్నీ ఆ తర్వాతే. వదిన అంటే మా ఆయనకి అక్క. గుంటూరు నుంచి అమెరికాలో మా మోరిస్‌విల్‌కి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. వచ్చిన కొత్తలోనే ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు తీసుకుంటున్న ఒక అబ్బాయిని పట్టుకుని, ఇంటిపేరు చెప్పించి, ఆ తీగ లాగి డొంకంతా కదిలించి, వాళ్ళ మేనత్త తోటికోడలు తనకి ఏదో వరసలో పిన్ని అవుతుందని తేల్చేసింది. పాపం ఆ అబ్బాయి కరివేపాకు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను తల దించుకుని కార్ట్ తోసుకుంటూ ముందుకు నడిచాను.

"అందర్నీ అలా అడుగుతారేంటి వదినా? ఇక్కడ బాగుండదు" అంటే, "అడిగితే తప్పేముందే? ఇంటిపేరు తెలియకపోతే వరసెలా తెలుస్తుంది? ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ములు, వేరైతే వియ్యానికి పనికొస్తారు. అంతే కదా లోకం!" అంటుంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. నేనైతే ప్రయత్నించడం ఎప్పుడో మానేశాను.

అందుకే మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు నాకు హాలు దొరుకుతుందా, వంటవాళ్ళు దొరుకుతారా అని బెంగ పట్టుకోలేదు. వదిన నోటికి భయపడ్డాను. పెళ్ళికొడుకు మా పక్క ఊరు ర్యాలీలో పుట్టి పెరిగిన పిల్లాడు, వాళ్ళ పెద్దలు క్యూబా నుంచి వచ్చినవాళ్ళు. కాలేజీలో మా అమ్మాయికి సీనియర్. బంగారంలాంటి అబ్బాయి. నచ్చకపోయినా చేసేది లేదనుకోండి, కానీ నిజంగానే నచ్చాడు. వాళ్ళింట్లో తాతగారు కూడా ఉంటారు. ఎనభై దాటాయి. పెళ్ళికొడుకు నాన్నకి నాన్న.

ఒక ఆదివారం వాళ్ళందర్నీ భోజనానికి పిలిచాం. తాతగారు నాలుగు జేబుల తెల్లచొక్కా తొడుక్కుని వచ్చారు. ఇస్త్రీ ఎలా ఉందంటే, ఆ మడత తగిలితే చెయ్యి తెగేలా ఉంది. వదిన చాలాసేపు ఓపిక పట్టింది. గుత్తివంకాయ రెండోసారి వడ్డించేదాకా పట్టింది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

"వీళ్ళ ఇంటిపేరేమిటే?" అంది మా అమ్మాయిని.

"ఎక్స్‌పోసితో, అత్తా" అంది మా అమ్మాయి. తెలుగు మాటలు ఎంత అమెరికన్‌గా పలుకుతుందో, స్పానిష్ మాత్రం అంత శుభ్రంగా పలుకుతుంది. చివర 'టో' అనదు, చక్కగా 'తో' అంటుంది.

"ఎవరితో?"

"ఎవరితో కాదు అత్తా. అది నేమ్. ఎక్స్-పో-సి-తో."

"అదేనే, ఎవరితో అని అడుగుతున్నా. మాట మధ్యలో ఆపేస్తే ఎలా తెలుస్తుంది?"

నాకు మజ్జిగ పొలమారింది. మా ఆయన నా వీపు మీద చరుస్తూ తను నవ్వాడు. తన పేరు వినపడిందేమో, తాతగారు కూడా నవ్వుతూ రెండు చూపుడువేళ్ళూ ఎత్తి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టారు. "ఎస్ కాదు. ఎక్స్" అన్నారు ఇంగ్లీష్‌లో. అది ఆయన అలవాటు. ఆ తర్వాత ఎన్నోసార్లు చూశాను. ఈ దేశంలో ఆ పేరు వినగానే అందరూ ఇటలీవాళ్ళనుకుని 'ఎస్' రాసేస్తారట. నేపుల్స్ ఊరి నిండా ఎస్‌తో ఉన్నవాళ్ళేనట. "వాళ్ళూ మాలాంటివాళ్ళే, వాళ్ళంటే నాకు గౌరవమే. కానీ మాది ఎక్స్" అనేవారు. డాక్టర్ దగ్గర, ఎయిర్‌పోర్ట్‌లో, మందుల షాపులో, ఎక్కడైనా సరే, వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించి, దిద్దించాకే ముందుకు కదిలేవారు.

"సరే, దాని అర్థం ఏమిటో అడుగు" అంది వదిన. "మనకి ఊళ్ళ పేర్లుంటాయి, చెట్ల పేర్లుంటాయి, కూరల పేర్లు కూడా ఉంటాయి. వీళ్ళదేమిటి?"

నేను కళ్ళతో వద్దన్నాను. నాకు కొంచెం తెలుసు. ఆవిడ నా వైపు చూస్తేగా! మా అమ్మాయి అడిగేసింది.

తాతగారు చెయ్యి తుడుచుకుని, తీరిగ్గా చెప్పారు. ఆ పేరుకి 'బయట పెట్టినవాడు' అని అర్థం. పూర్వం స్పెయిన్‌లో కొన్ని మఠాలకీ ఆసుపత్రులకీ గోడలో ఒక చెక్కతొట్టి ఉండేది. గుండ్రంగా తిరిగేది. పెంచలేని బిడ్డని బయటనుంచి అందులో పెట్టి తిప్పితే, తొట్టి లోపలివైపు తిరిగేది. గంట కొట్టి వెళ్ళిపోయేవారు. లోపలివాళ్ళు బిడ్డని తీసుకునేవారు. పెట్టినవాళ్ళ మొహం తీసుకున్నవాళ్ళకి తెలియదు. అలా వచ్చిన బిడ్డల్లో ఎందరికో ఇదే ఇంటిపేరు పెట్టారు. ఈయన నాన్న అలా వచ్చినవాడే. గలీసియా అని స్పెయిన్‌లో వానలెక్కువ పడే చోట పెరిగి, కుర్రతనంలోనే ఓడెక్కి హవానా వెళ్ళి, అక్కడ బేకరీ పెట్టుకుని స్థిరపడ్డాడు.

వదిన ముద్ద పళ్ళెంలోనే ఉండిపోయింది. "అంటే... పారేసిన పిల్లాడా?" అంది.

మా అమ్మాయి మొహం ఎర్రబడింది. తాతగారు ఇద్దరి మొహాలూ చూశారు. "ఆవిడ ఏమన్నదో నాకు అర్థమైంది. అవును, అదే. అదేనని చెప్పు" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోవడమూ లేదు. మనం 'మాది తెనాలి' అన్నట్టే చెప్పారు. ఆ మనిషి నాకు అక్కడే నచ్చేశారు.

తర్వాత నేను ఆయన్ని కదిపి కదిపి ఎన్నో అడిగాను. ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో నా ఫోన్‌లో చూసి చెబుతుంటే ఆయన తల ఊపేవారు. స్పెయిన్‌లో గలీసియాలో ఉన్నారు, దక్షిణాన ఆండలూసియాలో ఉన్నారు, కేనరీ దీవుల్లో ఉన్నారు. అక్కణ్ణుంచి ఓడల్లో క్యూబా, ప్యూర్టో రికో, మెక్సికో, అర్జెంటీనా చేరారు. మళ్ళీ అక్కణ్ణుంచి ఫ్లోరిడాకి, న్యూయార్క్‌కి, ఇదిగో, మా నార్త్ కరొలైనాకి వచ్చారు. "వీళ్ళంతా మీకు ఏమవుతారు?" అని అడిగాను, వదిన గాలి నాకూ సోకినట్టుంది. "ఏమీ కారు" అన్నారు. "ఒక్కొక్కరిదీ ఒక్కో తలుపు దగ్గర మొదలైంది. కానీ క్యూబా నుంచి వచ్చిన కొత్తలో, ఫ్లోరిడాలోని టాంపాలో నాకు ఎదురైన ప్రతి ఎక్స్‌పోసితోనీ ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చాను." రక్తం కలవకపోయినా ఒకే ఇంటిపేరు! మా వదిన లెక్కంతా తలకిందులైపోయింది.

ఆయన చెప్పినవాటిలో నాకు మనసుకి పట్టినవి రెండున్నాయి. ఒకటి, వాళ్ళలో పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారదు. పిల్లలకి నాన్న పేరూ అమ్మ పేరూ రెండూ వస్తాయి. నా ఇంటిపేరు మాత్రం పెళ్ళయ్యాక మారిపోయింది. మార్చమంటావా అని ఎవరూ అడగలేదు, మారుస్తారా అని నేనూ అడగలేదు. వింటుంటే కుళ్ళుకున్నాను, దాచడం ఎందుకు!

రెండోది వాళ్ళ నాన్న సంగతి. ఆ పేరు మార్చుకోవచ్చని స్పెయిన్‌లో తర్వాత చట్టమే వచ్చిందట. చాలామంది మార్చుకున్నారట. హవానాలో స్నేహితులు కూడా ఆయనకి చెప్పారు, కొత్త దేశం, కొత్త పేరు పెట్టుకో, ఎవడికి తెలుస్తుంది అని. ఆయన మార్చుకోలేదు. "ఎందుకు మార్చుకోలేదో మీరు అడిగారా?" అన్నాను. "చిన్నప్పుడు అడిగాను" అన్నారు తాతగారు. "మా అమ్మ వెతుక్కుంటూ వస్తే, పేరు మార్చేసుకుంటే నన్నెలా కనుక్కుంటుంది, అన్నాడు."

ఆ మఠంలో పెరిగినవాళ్ళలో ఎందరికో అదే పేరు. వెతికినా దొరకడు. ఆ సంగతి ఆయనకి తెలియకపోలేదు. అయినా ఉంచుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తాతగారు తన జేబురుమాలు నాకిచ్చారు. దానికీ ఇస్త్రీ మడతే.

మన పెళ్ళిలో ప్రవర చెబుతారని మా అమ్మాయి ఆయనకి చెప్పిందట. పెళ్ళికొడుకు ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని, అందరూ వింటుండగా మూడుసార్లు గట్టిగా చెబుతారని. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. కొడుకు, తాను, తన నాన్న. మూడు తరాలూ సరిగ్గా ఆ తొట్టిలో బిడ్డ దగ్గర మొదలవుతాయి. "మా నాన్న పేరు? అందరి ముందూ? మూడుసార్లా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారట. టాంపాలో ఉన్న బంధువులందరికీ ఫోన్ చేసి, రండి, నాన్న పేరు చదువుతారట అని పిలిచారు. పెళ్ళికొడుకు నవ్వుతూ నాతో అన్నాడు, "ఆంటీ, తాతకి నా పెళ్ళి కాదు, ఆ ఒక్క నిమిషమే కావాలి."

ఇంత జరిగాక గుడిలో పంతులుగారి దగ్గరికి వెళ్ళాం. మా అమ్మాయి, అబ్బాయి, తాతగారు, వదిన, నేను. పంతులుగారు మంచి మనిషి. ఇలాంటి పెళ్ళిళ్ళు ఎన్నో చేయించారు.

"అబ్బాయిగారి గోత్రం?" అన్నారు.

"గోత్రం లేదండీ" అన్నాను.

"దానిదేముందమ్మా, దారి ఉంది. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పేస్తాం."

"పంతులుగారూ, మాదే కాశ్యపం!"

"అయ్యో రామ!" అని వదిన నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అన్నాచెల్లెళ్ళయిపోతారు! అబ్బాయికి ఏ గోత్రమూ లేనప్పుడే నయం."

పంతులుగారు గడ్డం గోక్కున్నారు. "అయితే అమ్మాయి మేనమామగారెవరైనా అబ్బాయిని దత్తత తీసుకున్నట్టు సంకల్పం చెప్పుకుంటే సరి. ఆయన గోత్రం వస్తుంది. చాలామంది అలాగే చేస్తున్నారు."

మా తమ్ముడు కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటాడు. అక్కడికక్కడే ఫోన్ చేశాను. వాడికి ఆడపిల్లలే. "ఓస్, అంతేనా అక్కా! ఫ్రీగా కొడుకొస్తుంటే ఎవరు వద్దంటారు? పైగా నీ కూతురికి వాడు మేనబావ అయిపోతాడు. ఒరిజినల్ మేనరికం!" అన్నాడు. స్పీకర్‌లో అందరూ విన్నారు. అందరం నవ్వాం. వదిన అయితే ఆనందపడిపోయి, "ఏం బావా!" అని అబ్బాయి బుగ్గ పుణికింది. చిక్కు తీరిపోయిందనుకున్నాం.

తాతగారు మా అమ్మాయిని అడిగి ఒక్కొక్కటే తెలుసుకున్నారు. చివరికి, "అయితే అప్పుడు ఏ పేర్లు చదువుతారు?" అన్నారు.

మా అమ్మాయి నా వైపు చూసింది. దత్తత అంటే దత్తతే. మా తాత పేరు, మా నాన్న పేరు, మా తమ్ముడి పేరు చదువుతారు. నేనే చెప్పాను, ఇంగ్లీష్‌లో, మెల్లగా.

"మరి మా నాన్న?"

ఆయన చేతికర్రని రెండు చేతులా పట్టుకున్నారు. "ఒకసారి బయట పెట్టారు" అన్నారు. "పెళ్ళిలో కూడా బయటేనా?" వెంటనే, తప్పు మాట్లాడినట్టు చెయ్యి ఊపి, "మీ ఆచారం మీది. గౌరవిస్తాను. పిల్లలు సుఖంగా ఉండాలి" అని లేచి, మనవడు పట్టుకోబోతే వద్దని, ఒక్కరే నడుచుకుంటూ కార్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను, ఎదురుగా ఉన్నది పంతులుగారు కాబట్టి ఆయన మీదే. "పంతులుగారూ, ఆ ముసలాయన ఈ ఒక్క మాట కోసం బతుకుతున్నాడు. టాంపా నుంచి బంధువులొస్తున్నారు. మా నాన్న పేరు వినడానికా వాళ్ళొచ్చేది?"

"నాకు మాత్రం బాధ లేదా అమ్మా! గోత్రం లేకుండా ప్రవర ఎలా చెప్పను? మూలపురుషుడు ఒక ఋషి ఉండాలి కదా."

అప్పుడు నోరు విప్పింది మా వదిన. నేను గుండె చిక్కబట్టుకున్నాను.

"పంతులుగారూ, ఋషిమూలం, నదీమూలం అడక్కూడదని చిన్నప్పణ్ణుంచీ వింటున్నాం. అవునా?"

"అవునమ్మా."

"కశ్యపుడి తాత ఎవరో మీ యజమానులు ఎవరైనా అడిగారా? అడగరు. ఆయనతో మొదలు అన్నారు, మేం దణ్ణం పెట్టుకున్నాం. వీళ్ళకి ఆ పెద్దాయన నాన్నతో మొదలు. అంతకు ముందు అడక్కూడదు. అడక్కూడనిది మనం ఎందుకు అడుగుతున్నాం? ఆయన ఇంటిపేరే గోత్రం. చదవండి."

అన్నం ముందు కూర్చుని 'పారేసిన పిల్లాడా' అన్నది ఈవిడేనా అని నోరు తెరుచుకుని చూశాను. ఇంటిపేర్లు పట్టుకుని జనాన్ని వేపుకుతినే మనిషి, ఆ ఇంటిపేరుకి ఒక ఋషిని నిలబెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి మా వదినని వాటేసుకోవాలనిపించింది. వాటేసుకున్నాను కూడా. "ఛీ, వదలవే, గుళ్ళో ఏంటది" అంది.

పంతులుగారు నవ్వేశారు. "ఓడిపోయాను తల్లీ. పెద్దాయన్ని పిలవండి, ఆ పేరు ఎలా పలకాలో నేర్పమనండి."

తాతగారు తిరిగొచ్చి కూర్చున్నారు. సంగతి విని రెండు చేతులూ జోడించారు, మమ్మల్ని చూసి నేర్చుకున్నదే. తర్వాత వేళ్ళు అడ్డంగా పెట్టి పాఠం మొదలుపెట్టారు. వేదం కంఠతా పట్టిన పంతులుగారి నాలుకకి ఆ ఎక్స్ లొంగలేదు. 'ఎస్‌పోసితో' అంటారు, తాతగారు తల అడ్డంగా ఊపుతారు. 'ఎక్కుపోసితో' అంటారు, మా అమ్మాయి కిసుక్కుమంటుంది. పెళ్ళినాటికి సాధన చేస్తానని పంతులుగారు మాటిచ్చారు.

పెళ్ళి రోజు హాలు నిండిపోయింది. టాంపా నుంచి ఒక వరస కుర్చీల మేర దిగారు. తాతగారు నల్ల సూట్‌లో, మండపం పక్కనే, నాకు చెయ్యందే దూరంలో కూర్చున్నారు. కన్యాదానం వేళయింది. నేను కలశం పట్టుకుని మా ఆయన పక్కన కూర్చున్నాను. పంతులుగారు గొంతు సవరించుకుని ప్రవర అందుకున్నారు. "చతుస్సాగర పర్యంతం..." నాలుగు సముద్రాల దాకా శుభం కలగాలని. ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నానో ఆ మాట, చెవిన పెట్టింది లేదు. ఆ రోజు మాత్రం గలీసియా, హవానా, టాంపా, మోరిస్‌విల్ వరసగా కళ్ళముందు కదిలాయి.

ఆ తర్వాత గోత్రం దగ్గరికి వచ్చారు. ఎంత సాధన చేశారో గానీ, మైక్ ముందు నాలుక మళ్ళీ తనకి తెలిసిన దారే పట్టింది. ఎక్స్ ఎగిరిపోయింది. చివరి 'తో' కూడా పోయింది.

"...పోషిత గోత్రోద్భవాయ..."

తాతగారు ఉలిక్కిపడి రెండు వేళ్ళూ పైకెత్తారు, అడ్డంగా పెట్టడానికి. ఆయన తప్పు దిద్దకుండా వదిలిన మనిషి లేడు. నేను కలశం పట్టుకునే పక్కకి వంగి ఆయన చెవిలో అన్నాను. "పోషిత అంటే మా భాషలో అర్థం ఉంది. పెంచుకున్న బిడ్డ. ఎవరో అన్నం పెట్టి పెంచినవాడు."

ఆయన నా వైపు చూశారు. "బయట పెట్టినవాడు కాదా?"

"కాదు. పెంచిన బిడ్డ."

పైకి లేచిన వేళ్ళు అలాగే ఉన్నాయి. పంతులుగారు మునిమనవడు దగ్గర ఆయన నాన్న పేరు చదివారు, గట్టిగా, హాలు చివరిదాకా వినపడేలా. టాంపా వరసలో ఎవరో వెక్కారు. రెండోసారి మొదలుపెట్టారు. మళ్ళీ పోషిత అనే అన్నారు. తాతగారి వేళ్ళు మెల్లగా దిగి మోకాళ్ళ మీద ఆగాయి.

మూడోసారి పంతులుగారు గోత్రం దగ్గరికి వచ్చేసరికి నా పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. వణుకుతున్న ముసలి గొంతు, సంస్కృతం తెలియని గొంతు. "పోషిత" అంది, ఎక్స్ లేకుండా.